జ్వరం విడిచిన ఇల్లు

డెంగీ తగ్గిందనుకున్న రోజు మొదలైన భయం ఒక కుటుంబాన్ని నాగార్జునకొండ మ్యూజియం దాకా నడిపించింది. సంక్రాంతి సెలవుల్లో మీరూ వెళ్లొచ్చు. జ్వరం నుంచి లేచినవాళ్లు మీ ఇంట్లో ఉంటే మాత్రం ముందు ఇది చదవండి.

మీ ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చి తగ్గితే ముందుగా మీరు చేసే పనేమిటి? థర్మామీటరును డబ్బాలో పెట్టేస్తారు. దుప్పట్లు ఉతకడానికి వేస్తారు. రేపటి నుంచి బడా, ఆఫీసా, దుకాణమా అని లెక్కలు మొదలుపెడతారు. నేనూ అంతే.

పోయిన ఏడు వానాకాలం చివర్లో మా చిన్నమ్మాయికి డెంగీ వచ్చింది. ఏడో తరగతి పిల్ల. నాలుగు రోజులు ఒళ్లు కాలిపోయింది. కళ్ల వెనక నొప్పి అని ఏడ్చింది. అయిదో రోజు పొద్దున చెయ్యి వేసి చూస్తే నుదురు చల్లగా ఉంది. దేవుడికి దండం పెట్టుకుని, రెండు ఇడ్లీలు తినిపించి, మర్నాడు బడికి పంపొచ్చని యూనిఫాం ఇస్త్రీ చేసి పెట్టాను. మధ్యాహ్నం కడుపు నొప్పి అంది. ఇడ్లీ పడలేదేమో అనుకున్నాను. రెండు మూడుసార్లు కక్కుకుంది. ఆ తర్వాత గోడవైపు తిరిగి పడుకుని, పిలిస్తే విసుక్కోసాగింది. నీరసం కదా, పడుకోనీలే అని వదిలేశాను.

మా వీధిలోనే ఒక ఏఎన్‌ఎం ఉంటుంది. సాయంత్రం డ్యూటీ నుంచి వస్తూ పలకరించడానికి ఆగింది. "జ్వరం ఎప్పుడు పోయిందక్కా?" అని అడిగింది. పొద్దున్నే పోయిందని సంతోషంగా చెప్పాను. "పొద్దుటి నుంచి ఎన్నిసార్లు ఒంటేలుకు పోయింది?" నా దగ్గర జవాబు లేదు. పిల్ల చేతులు, పాదాలు పట్టుకుని చూసింది. చల్లగా, చెమ్మగా ఉన్నాయి. "ఇప్పుడే ఖమ్మం తీసుకుపోండి. డెంగీల జ్వరం పోయిన రోజే భయపడాల్సిన రోజు" అంది.

డోర్నకల్ నుంచి ఖమ్మం ఎంత దూరమని? రైలెక్కితే అరగంట. ఆ రాత్రి కారులో వెళ్తుంటే ఆ దారి తరగలేదు. రెండు రోజులు సెలైన్ మీద ఉంచారు, గంటగంటకూ చూశారు. పిల్ల బయటపడింది. ఇంటికొచ్చాక ఇస్త్రీ చేసిన ఆ యూనిఫాం కుర్చీ మీద అలాగే ఉంది. దాన్ని బీరువాలో పెట్టడానికి నాకు రెండు రోజులు పట్టింది.

అది జరిగిన నెలకు, నాగార్జునకొండ గురించి చదువుతూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. క్రీస్తుశకం మూడో శతాబ్దంలో, ఇక్ష్వాకు రాజుల కాలంలో, అక్కడి ఒక బౌద్ధ విహారంలో చెక్కిన శాసనంలో ఉన్న మాట అది: విగత జ్వరాలయం. విగత అంటే పోయిన. జ్వరం పోయిన ఇల్లు. జ్వరపడినవాళ్లు చేరి, అది విడిచి, కోలుకునేదాకా ఉండటానికి విహారంలో ఏర్పాటు చేసిన చోటని చరిత్రకారులు దీన్ని అర్థం చేసుకున్నారు. మన తెలుగు నేల మీద వైద్యశాలకు దొరికిన తొలి ఆనవాళ్లలో ఇదొకటి.

నన్ను పట్టుకున్నది వైద్యశాల అన్న సంగతి కాదు, ఆ పేరు. మందుల ఇల్లు అనలేదు, రోగుల ఇల్లు అనలేదు. జ్వరం పోవడాన్నే పేరుగా పెట్టుకున్నారు. అయిదో రోజు పొద్దున నేను థర్మామీటరును డబ్బాలో పెట్టేశాను. పదిహేడు వందల ఏళ్ల కిందట ఎవరో అదే పొద్దు కోసం ఒక ఇల్లు కేటాయించారు.

సంక్రాంతి సెలవులకు ఎక్కడికైనా వెళ్దామని పిల్లలు అడిగితే, అక్కడికే అన్నాను.

లాంచీ దిగాక తొందరపడకండి

డోర్నకల్ నుంచి ఖమ్మం, సూర్యాపేట, మిర్యాలగూడ మీదుగా నాగార్జునసాగర్. కారులో నాలుగు గంటలకు పైనే పట్టింది, మధ్యలో టీకి ఆగిన సమయం కాకుండా. తెల్లవారుజామునే బయలుదేరండి. డ్యాం దాటి కుడిగట్టున విజయపురి సౌత్‌లో లాంచీ స్టేషన్ ఉంది. అక్కడి నుంచి జలాశయం మీద గంటలోపు ప్రయాణం. గాలి ఎక్కువగా ఉన్నా, జనం సరిపడా లేకపోయినా లాంచీలు ఆలస్యమవుతాయి. అందుకని ఒకే రోజులో అన్నీ చూసేయాలని పట్టు పట్టకండి. మ్యూజియం కేంద్ర పురావస్తు శాఖది, శుక్రవారం సెలవు. ఈ ఒక్క ముక్క తెలియక నీళ్ల దాకా వచ్చి వెనక్కి మళ్లేవాళ్లుంటారు.

లాంచీలో వెళ్తున్నప్పుడు పిల్లలకు ఒక సంగతి చెప్పండి. మీ కాళ్ల కింద ఒక ఊరుంది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఈ లోయలోనే ఉండేది. 1926లో ఎ.రంగస్వామి సరస్వతి ఈ శిథిలాలను లోకానికి తెలియజేశారు. ఆ తర్వాత లాంగ్‌హర్స్ట్ 1927 నుంచి 1931 వరకు తవ్వారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేసేనాటికి, లోయంతా నీటిలో మునిగిపోతుందని తేలిపోయింది. అందుకే 1954 నుంచి 1960 దాకా ఆర్.సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో గడువు పెట్టుకుని మరీ తవ్వకాలు సాగాయి. 30కి పైగా బౌద్ధ కట్టడాలు, వాటితోపాటు హిందూ ఆలయాలు, కోటగోడలు, స్నానఘట్టాలు బయటపడ్డాయి. కొన్నింటిని ఇటుక ఇటుకా, రాయి రాయీ విప్పి కొండ మీదికి చేర్చి తిరిగి కట్టారు. మరికొన్నింటిని గట్టు మీద అనుపు దగ్గర నిలబెట్టారు. నీళ్లొచ్చాక కొండ దీవి అయింది.

మా అత్తమ్మకు డెబ్బై దాటాయి. ఈ కథంతా విని నీళ్లకేసి చూస్తూ, "ఇంత పెద్ద ఊరు మునిగితే, గా మొక్కులన్నీ ఏడికి పోయినయో" అంది. ఎవరం మాట్లాడలేదు.

దీవి మీద దిగాక కొంత నడక, కొంత ఎక్కుడు. మ్యూజియం చిన్నదే. బౌద్ధ విహారం తీరులో కట్టారు. చాలామంది అరగంటలో చుట్టేసి, ఫొటోలు దిగి, తిరుగు లాంచీ కోసం పరుగెడతారు. లాంచీ షికారే అసలు సంగతి, మ్యూజియం కొసరు అన్నట్టుంటుంది వాళ్ల ధోరణి. వాళ్లను తప్పుపట్టలేం, లాంచీవాళ్లు ఇచ్చే సమయం అంతే. దిగేటప్పుడే తిరుగు లాంచీ ఎన్నింటికో అడిగి, ఆ తర్వాతి దానికి రావచ్చో లేదో కనుక్కోండి. కనీసం రెండు గంటలు చేతిలో ఉండాలి.

లోపల లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న పల్నాటి సున్నపురాయి శిల్పాలు. మనిషి ఎత్తును మించిన బుద్ధ విగ్రహం. బుద్ధపాదాలు. మాయాదేవి కల, సిద్ధార్థుడి పుట్టుక, ఇల్లు విడిచి వెళ్లడం, ఇలా కథలు చెప్పే పలకలు వరుసగా ఉంటాయి. పిల్లలకు పేర్లు చదివి వినిపించకండి, బొమ్మలో ఏం జరుగుతోందో వాళ్లనే చెప్పమనండి. పావురాన్ని కాపాడటానికి తన ఒంటి మాంసం కోసి ఇచ్చిన శిబి చక్రవర్తి కథను మా పెద్దది బొమ్మ చూసి తనంతట తానే పోల్చుకుంది. స్కూల్లో చెప్పారట.

మేం ఎక్కువసేపు ఆగింది లోయ నమూనా దగ్గర. మునిగిపోక ముందు ఏ స్తూపం ఎక్కడుందో, ఏ విహారం ఎటుందో, కృష్ణ ఎటు పారేదో చిన్నచిన్న బొమ్మలతో చూపించే పెద్ద నమూనా అది. విహారాలన్నీ దాదాపు ఒక్క తీరుగానే కనిపిస్తాయి: మధ్యలో స్తంభాల మండపం, చుట్టూ భిక్షువుల గదుల వరుసలు. ఆ గదుల్లో ఏదో ఒక చోట, ఒక వానాకాలం వెళ్లాక, జ్వరం తగ్గిన ఒక కుర్రాడు గోడవైపు తిరిగి పడుకుని ఉంటాడు. పక్కన ఎవరో కూర్చుని ఉంటారు. మా చిన్నదానికి ఆ మాట అర్థం చెప్పాను. "అంటే నాలాంటోళ్ల కోసమా?" అంది.

శరత్కాలపు జబ్బు

బౌద్ధులు ఇలాంటి చోటు ఎందుకు కట్టుకున్నారన్నది వాళ్ల పాత గ్రంథాలు చూస్తే తెలుస్తుంది. భిక్షువుల నియమాలు చెప్పే వినయపిటకంలో ఒక కథ ఉంది. విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్న ఒక భిక్షువును బుద్ధుడు చూస్తాడు. తోటివారెవరూ పట్టించుకోలేదు. బుద్ధుడు, ఆనందుడు కలిసి నీళ్లు తెచ్చి ఆయన్ను కడిగి, ఎత్తి మంచం మీద పడుకోబెడతారు. ఆ తర్వాత బుద్ధుడు మిగతా భిక్షువులను పిలిచి, మీకు అమ్మానాన్నలు ఇక్కడ లేరు, మీరు ఒకరినొకరు చూసుకోకపోతే ఎవరు చూస్తారని మందలిస్తాడు. తనకు సేవ చేయాలనుకునేవాళ్లు రోగికి చేయమంటాడు.

అదే గ్రంథంలో, మన ఇళ్లకు ఇంకా దగ్గరగా ఉండే మరో కథ ఉంది. వానలు వెనకబట్టాక భిక్షువులకు శరత్కాలపు జబ్బు చేస్తుంది. తాగిన గంజి కక్కుకుంటారు, తిన్నది ఇమడదు, చిక్కిపోయి పాలిపోతారు, నరాలు తేలతాయి. భిక్షువులు మధ్యాహ్నం దాటాక ఏమీ తినకూడదన్నది నియమం. రోగుల కోసం బుద్ధుడు ఆ నియమాన్ని సడలిస్తాడు. నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లపు పాకం, ఈ అయిదూ ఏ వేళైనా పుచ్చుకోవచ్చంటాడు. ఆకలి లేనివాడికి పూటకింత అని లెక్క పెట్టకుండా, ఎప్పుడు ఇమిడితే అప్పుడు కాస్త బలం ఇచ్చేది నోట్లో వేయాలన్న ఇంగితం అది. జావ గొప్పదనం చెప్పే భాగమూ అందులోనే ఉంది. ఆకలి, దప్పిక తీరుస్తుందని, అరుగుదలకు మంచిదని పది మేళ్లు ఏకరువు పెడతారు.

వానాకాలం దాటాక వచ్చే జబ్బు! భాద్రపదం, ఆశ్వయుజం వచ్చాయంటే మన ఆస్పత్రుల్లో మంచాలు దొరకని సంగతి మీకు తెలుసు. వాళ్లను పట్టుకున్న జబ్బేమిటో ఇప్పుడు చెప్పడం కుదరదు గానీ, రుతువు మాత్రం అదే.

లోయలో స్త్రీల పేర్లు ఎక్కువగా వినిపిస్తాయన్నది మరో ఆసక్తికర విషయం. మహాచైత్యాన్ని కట్టించింది చాంతసిరి, ఇక్ష్వాకు రాజు చాంతమూలుడి చెల్లెలు. బోధిసిరి అనే ఉపాసిక సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించి, ఇంకా ఎన్నో దానాలు చేసి శాసనంలో చెక్కించింది. ఆమె శాసనంలో కశ్మీరం, గాంధారం, చైనా, వంగ, యవన, ద్రవిడ దేశాల పేర్లు వరుసగా వస్తాయి. యవనులంటే మనవాళ్లు గ్రీకులను పిలిచిన పేరు. ఇక్కడ దొరికిన ఒక స్తంభం మీద గ్రీకుల మద్యదేవత డయోనిసస్‌ను పోలిన బొమ్మ కూడా ఉంది. కృష్ణ ఒడ్డున ఉన్న ఈ లోయకు లోకంతో అంత రాకపోక.

క్రీడాస్థలం పక్కన గుట్ట మీద హారీతి గుడి ఉండేది. హారీతి కథ మన అత్తమ్మల దగ్గర వింటే వేరుగా ఉంటుంది. ఊళ్లో పిల్లలను ఎత్తుకుపోయి తినేసే యక్షిణి ఆమె. బుద్ధుడు ఆమె బిడ్డల్లో ఒకణ్ని దాచేస్తాడు. బిడ్డ కోసం ఏడుస్తూ వచ్చినప్పుడు, అయిదువందల మంది పిల్లల్లో ఒక్కడు కనపడకపోతేనే నీకింత దుఃఖమైతే, ఉన్న ఒక్కరినీ పోగొట్టుకున్న తల్లుల మాటేమిటని అడుగుతాడు. అప్పటి నుంచి ఆమె పిల్లలను కాపాడే తల్లి అవుతుంది. అత్తమ్మ వెంటనే, "అంటే మన పోచమ్మ తల్లే" అంది. ఒకే లోయలో జ్వరానికి ఒక ఇల్లూ ఉంది, బిడ్డల కోసం మొక్కే ఒక గుడీ ఉంది. రెండింటి దగ్గరికీ వెళ్లిన తల్లులు ఉండే ఉంటారు. ఆ రాత్రి ఖమ్మం వెళ్తూ దారిలో కనిపించిన గుడికల్లా నేనూ మొక్కాను, డ్రైవర్ని తొందరా పెట్టాను.

గ్రీసులో నిద్ర చేసేవారు

ఇలాంటిదే ఒక చిన్న మ్యూజియం గ్రీసులో ఎపిడారస్ అనే చోట ఉంది. వైద్యదేవుడు అస్క్లేపియస్ క్షేత్రం అది. ఆయన చేతిలో పాము చుట్టుకున్న కర్ర ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తులో, మీ డాక్టరుగారి కారు అద్దం మీద మీరు చూసేది ఆ కర్రనే. రెండువేల మూడువందల ఏళ్ల కిందట రోగులు ఎక్కడెక్కడి నుంచో అక్కడికి వచ్చేవారు. స్నానం చేసి, మొక్కు చెల్లించి, ఒక పొడవాటి వసారాలో రాత్రి పడుకునేవారు. దేవుడు కలలో వచ్చి నయం చేస్తాడని నమ్మకం. మనకిది కొత్తేం కాదు. గుళ్లలో, దర్గాల్లో నిద్ర చేసే మొక్కు మన దగ్గర ఇప్పటికీ ఉంది.

నయమైనవారి కథలు చెక్కిన రాతిపలకలు ఆ మ్యూజియంలో ఉన్నాయి. వైద్యుల పనిముట్లూ ఉన్నాయి. అంటే దేవుడి మీద భారం వేసి ఊరుకోలేదు, కత్తీ పట్టారు. క్షేత్రంలో 160 గదుల సత్రం, స్నానశాలలు, వ్యాయామశాల, పరుగుపందేల మైదానం, వేలమంది కూర్చునే రంగస్థలం కట్టారు. ఆ రంగస్థలంలో ఇప్పటికీ వేసవిలో నాటకాలు ఆడతారు. ఒళ్లు బాగుపడటానికి మందొక్కటే చాలదు, నిద్ర, నీళ్లు, తిండి, కాస్త కదలిక, మనసుకు కాస్త వేడుక కావాలన్న లెక్క అక్కడ రాళ్లలో కనిపిస్తుంది.

అక్కడా ఒక కఠినమైన నియమం ఉండేది. క్షేత్రం ఆవరణలో ఎవరూ చనిపోకూడదు, ఎవరూ ప్రసవించకూడదు. రోగం ముదిరినవాళ్లను, నొప్పులొచ్చిన స్త్రీలను బయటే ఉంచేవారు. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో ఆంటొనినస్ అనే రోమన్ ప్రముఖుడు వాళ్ల కోసం విడిగా ఒక ఇల్లు కట్టించాడని, ఆ కాలపు యాత్రికుడు పౌసనియస్ రాశాడు. పవిత్రత పేరుతో అసలు అవసరమైనవాళ్లనే బయట పెట్టడం నాకు నచ్చలేదు. ఆ ఇల్లు కట్టించినాయన నచ్చాడు.

మన కాకతీయుల దగ్గరికి వస్తే, రుద్రమదేవి కాలం నాటి మల్కాపురం శాసనం చూడాలి. 1261 నాటిది. విశ్వేశ్వర శివాచార్యుడికి ఇచ్చిన గ్రామాల ఆదాయంతో నడిచినవాటిలో గుడి, మఠం, పాఠశాలలతో పాటు ఆరోగ్యశాల, ప్రసూతిశాల, అన్నసత్రం పేర్లు అందులో ఉన్నాయి. ప్రసూతిశాల అన్న మాట అంత పాతది.

ఇంతా చెప్పి, పాతకాలమే మేలని నేను అనబోవడం లేదు. మూడో శతాబ్దంలో ఈ లోయలో మా చిన్నదానికి డెంగీ వచ్చి ఉంటే, విగత జ్వరాలయంలో ఎంత ప్రేమగా చూసుకున్నా ఆ అయిదో రోజు సాయంత్రం నరంలోకి సెలైన్ ఎక్కించే చేయి ఉండేది కాదు. ఇప్పుడు సెలైన్ ఉంది. జ్వరం పోయాక కనిపెట్టుకుని కూర్చునే తీరికే లేకుండా పోయింది.

తగ్గాక చూడాల్సినవి

డెంగీలో జ్వరం సాధారణంగా రెండు నుంచి ఏడు రోజులుంటుంది. అది తగ్గే సమయానికే కొందరిలో రక్తనాళాల నుంచి ద్రవం బయటికి కారడం మొదలవుతుంది. ఆ తర్వాతి 24 నుంచి 48 గంటలు కీలకం. కడుపులో విపరీతమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి గానీ ముక్కు నుంచి గానీ రక్తం, నల్లటి విరేచనం, ఆయాసం, మగతగా పడి ఉండటం లేదా ఊరికే చిరాకుపడటం, చల్లబడిన చేతులు కాళ్లు, మూత్రం తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగకండి. మా పిల్లలో వీటిలో నాలుగు ఉన్నాయి. నాకు తెలిసింది నుదురు చల్లబడటం ఒక్కటే. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటివి డాక్టరు చెప్పకుండా వేయకండి, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ప్లేట్‌లెట్ల అంకె కోసం రోజూ ఫోన్లు చేస్తూ, పిల్ల మూత్రానికి వెళ్లిందో లేదో చూడటం మానేయకండి.

టైఫాయిడ్ దారి వేరు. మూడు నాలుగు రోజులు మందు వేయగానే ఒళ్లు తేలికపడుతుంది. కోర్సు మధ్యలో ఆపేసేది అప్పుడే. పూర్తిగా వాడినా కొందరిలో జ్వరం తగ్గిన రెండు మూడు వారాల్లో తిరగబెట్టవచ్చు. మన అటవీ ప్రాంతాల్లో కనిపించే మలేరియాలో వైవాక్స్ రకం కాలేయంలో దాక్కుని, నెలల తర్వాత మళ్లీ లేస్తుంది. దాన్ని అక్కడే చంపడానికి 14 రోజుల మాత్రలు ఇస్తారు. చలి, వణుకు పోయాక ఆ మాత్రల పట్టీ కిటికీ మీద దుమ్ము పట్టడం నేను చాలా ఇళ్లలో చూశాను. అవి అందరికీ పడవు కాబట్టి డాక్టరు చెప్పిన రక్తపరీక్ష చేయించుకునే వాడాలి.

తిండి సంగతికి వస్తే, మన ఇళ్లలో ఒక పాత మాటుంది, లంఖణం పరమౌషధమని. డెంగీలో ఆ మాట పట్టుకుంటే కొంప మునుగుతుంది. ఒంట్లో నీరు తగ్గకుండా ఓఆర్‌ఎస్, కొబ్బరి నీళ్లు, గంజి, మజ్జిగ కొంచెం కొంచెంగా పట్టిస్తూనే ఉండాలి. అయితే లంఖణం పక్కనే మనవాళ్లు పథ్యం అన్న మాట కూడా పెట్టుకున్నారు. దాన్ని మనం మర్చిపోయాం. చరకసంహిత జ్వరానికి మొదట లంఖణం చెప్పినా, ఆ వెంటనే జావ చెబుతుంది. కోలుకునే ఒంటికి పల్చటి జావ, తర్వాత చిక్కటి జావ, ఆపైన పెసరకట్టు, ఇలా మెట్టు మెట్టుగా ఎక్కించడం ఆయుర్వేదంలో ఒక పద్ధతి. అరుగుదల ఇంకా కుదుటపడని పొట్టకు ఇవాళ్టి డాక్టర్లు చెప్పేదీ దాదాపు ఇదే: మెత్తగా, కొంచెం కొంచెంగా, తరచుగా.

లాంచీ కోసం ఎదురుచూస్తూ చెట్టు నీడలో కూర్చున్నప్పుడు అత్తమ్మ ఇదే చెప్పుకొచ్చింది. "మా చిన్నప్పుడు జరం పోయినంక మూడొద్దులు జావే. నాలుగో నాడు తానం పోసి, మెత్తగ అన్నం వండి, బీరకాయ కూర, మిరియాల చారు. అదే పథ్యం. పథ్యం తిన్ననాడు ఇంట్ల పండగ లెక్క. ఇంకో వారం గడప దాటనియ్యకపోదురు." ఆమె పథ్యం తిన్న రోజుల్లో కూలిపని పోతే పూట గడవని ఇల్లు వాళ్లది. అయినా వారం. నేను మర్నాడే యూనిఫాం ఇస్త్రీ చేశాను.

వైరల్ జ్వరాలు తగ్గాక నీరసం, కీళ్ల నొప్పులు, జుట్టు ఊడటం కొన్ని వారాలు ఉండొచ్చు. పిల్లలు చదువు మీద ధ్యాస నిలపలేకపోతే బద్ధకమని తిట్టకండి. బడికి పంపినా మొదటి వారం ఆటలు, ట్యూషన్లు వద్దని టీచరుతో చెప్పండి. పెద్దవాళ్లయితే సెలవు ఇంకో రెండు రోజులు పొడిగించండి. ఇలాంటి ప్రయాణాలు కూడా అంతే. జ్వరం నుంచి లేచి మూడు నాలుగు వారాలైనా గడిచి, ఇంట్లో మెట్లు ఆయాసం లేకుండా ఎక్కుతున్నారని చూసుకున్నాకే బయలుదేరండి. మేం వెళ్లింది మూడు నెలల తర్వాత. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అయితే ఎండ తక్కువ. దీవి మీద తాగునీటి కోసం వెతుక్కోకుండా సీసాలు వెంట తీసుకెళ్లండి, టోపీ మర్చిపోకండి.

తిరుగు దారిలో అనుపు దగ్గర ఆగాం. లోయ నుంచి తెచ్చి మళ్లీ కట్టిన క్రీడాస్థలం అక్కడే ఉంది. నాలుగు పక్కలా మెట్ల వరుసలు, మధ్యలో గచ్చు నేల. అత్తమ్మ కింది మెట్టు మీద కూలబడింది. మా ఆయన, పెద్దది చుట్టూ తిరుగుతూ ఫొటోలు తీస్తున్నారు. చిన్నది పై మెట్టు దాకా పరుగెత్తి, అక్కడి నుంచి నన్ను పిలిచింది. పరుగెత్తొద్దని అరవబోయి ఆగిపోయాను. ఆయాసపడుతోందేమోనని చూశాను. లేదు. కిందికి దిగి వచ్చి, "అమ్మా, ఆకలేస్తోంది" అంది. సంచిలో పెరుగన్నం డబ్బా ఇంకా తెరవలేదు. అత్తమ్మ దాన్ని ముందుకు లాక్కుని మూత తీసింది.